నడుముకు ఒకే హద్దు చాలునా?

కైరుప్పల నుండి ఆదోని పత్తి మార్కెట్టుకు వచ్చిన ఒక రైతును ఊహించుకొందాము. అతని నడుము చుట్టుకొలత 95 సెంటీమీటర్లు. రక్తపు పోటు 135/88. పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తములో చక్కెర 112 మిల్లీగ్రాములు. రక్తములోని కొవ్వులు హద్దులలోనే యున్నవి. ఇతడు రోగియా, కాడా?

పోటు, చక్కెర, కొవ్వుల లోపాలు ఒక్క మనిషిలోనే గుంపుగా చేరుటను 1988లో అమెరికా శాస్త్రజ్ఞుడు జెరాల్డ్ రీవెన్ ‘సిండ్రోమ్ ఎక్స్’ అన్నాడు. తరువాత దీనికి మెటబాలిక్ సిండ్రోమ్ అను పేరు స్థిరపడినది. 2001లో అమెరికా నిపుణులు ఐదు లక్షణాలలో మూడున్నచో ఇది ఉన్నట్లే అన్నారు. మగవారి నడుముకు వారు పెట్టిన హద్దు 102 సెంటీమీటర్లు. మన రైతుకు పోటు, చక్కెర రెండే లెక్కకు వచ్చును, అతడు తప్పించుకొన్నాడు!

2004లో పుణె వైద్యుడు యాజ్నిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ శరీరాలనే ఉదాహరణగా చూపిరి. ఎత్తుకు తగిన బరువును తెలుపు సూచిక ఇద్దరికీ 22.3. కాని కొవ్వు యుడ్కిన్‌లో 9.1 శాతము, యాజ్నిక్‌లో 21.2 శాతము! మరుసటి యేడు అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దక్షిణాసియా మగవారి హద్దును 90గా, ఆడవారిది 80గా నిర్ణయించినది. రైతు శరీరము మారలేదు, తీర్పు మారినది.

‘ఉన్నదా, లేదా’ అను ప్రశ్న కూడ చాలదు, తీవ్రత ఎంత? 2014లో అమెరికాలో గుర్కా, డిబోర్ ప్రభృతులు తెల్లవారికి, నల్లవారికి, హిస్పానిక్ ప్రజలకు, స్త్రీపురుషులకు వేర్వేరుగా తీవ్రతను గణించు సూత్రాలను ప్రకటించిరి. నల్లవారిలో ట్రైగ్లిసరైడులు సహజముగా తక్కువ. అందుచే పాత లెక్క వారి ప్రమాదమును దాచుచుండెను. అయితే ఆ మూడు సమూహాలలో మన రైతు లేడు. ఒకరి కొలతలకు కుట్టిన చొక్కా మరొకరికి సరిపోవునా?