మద్రాసు గాలి

మా ఊరు కోట ఏ జిల్లాలో ఉందో నన్నడగబాకండి అబ్బయా. నేను పుట్టేటప్పటికి మనది మద్రాసు రాష్ట్రం. 1953 అక్టోబరులో ఆంధ్ర అన్నారు, 56లో ఆంధ్రప్రదేశ్ అన్నారు. మొన్న 2022లో నెల్లూరు నించి తీసి తిరుపతి జిల్లాలో కలిపినారు. ఊరు మాత్రం ఉన్నకాడనే ఉండాది. కాగితాలు యాడికి పోతే మాకేం గానీ, బొమ్మొచ్చినా పాటొచ్చినా నవ్వొచ్చినా అప్పట్లో మద్రాసు నించే రావాల. రైల్లో గూడూరు దాకా వొచ్చి, ఆడ బస్సెక్కి కోటకు రావాల.

ముందు చందమామ సంగతి చెప్తా. నేనూ అదీ ఒక ఈడోళ్లం. 1947 జులైలో నాగిరెడ్డీ చక్రపాణీ మొదలుపెట్టినారు. అప్పుడే అరవంలో కూడా తెచ్చినారు, ఆడ దాని పేరు అంబులిమామ. మా వీధిలో దాన్ని కొనే ఇల్లు ఒకటే. ఆ ఇంటి పిలగాడు మా అందరికీ రాజు. గుప్పెడు సీమచింతకాయలు చేతిలో పెడితే గానీ పుస్తకం ఇచ్చేవాడు కాదు. వాళ్లింట్లో అందరూ చదివి, చుట్టపక్కాలు చదివి, మా చేతికొచ్చేటప్పటికి అట్ట ఊడిపోయి ఉండేది. అందుకే వడ్డాది పాపయ్య అట్టబొమ్మలు ఎట్టుంటాయో పెద్దోణ్ణయిందాకా నాకు తెలీదు. లోపల బేతాళుడు మాత్రం యాడికీ పోడు. భుజం మీద శవం, చేతిలో కత్తి, విక్రమార్కుడు నడస్తానే ఉండేవాడు. ఆ బొమ్మ చూసినాక మా పెద్దమ్మ కొడుకు పొద్దు గూకితే తాటితోపు దాటేవాడు కాదు. పెళ్లయినాక కూడా.

దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు అంతకన్నా భయం. తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ. వాటికి బొమ్మలేసిన చిత్రా ఎవరనుకున్నారు? ఆయన అసలు పేరు రాఘవన్. బేతాళుణ్ణి గీసిన శంకర్ పేరు శివశంకరన్. ఇద్దరూ అరవోళ్లే. మన తెలుగు పిలకాయల కలల్లోకొచ్చిన రాక్షసులు అరవోళ్ల చేతిలో పుట్టినోళ్లని మాకెవరూ చెప్పలా. చెప్పినా మాకు పట్టేది కాదు.

ఆ గేగులు తిప్పండిరా, ఒక పక్కే మాడతా ఉండాయి. సరుగుడు పుల్లలు అంత ఎగదోయబాకండి.

బుడుగు వేరే రకం. ముళ్లపూడి వెంకటరమణ రాత, బాపు గీత, ఆంధ్రపత్రిక వారపత్రికలో వొచ్చేది. అదీ అప్పుడు మద్రాసు సరుకే. మంగలి కొట్లో ఒక ప్రతి ఉండేది. జుట్టు పెరగనోళ్లు కూడా పోయి బల్ల మీద కూచునేవాళ్లు. ఒకడు పైకి చదవాల, మిగతావాళ్లు నవ్వాల, కత్తెర ఆగిపోవాల. దాంట్లో రెండుజెళ్ల సీత అని ఒకామె ఉంటది. ఆ పేరు పట్టుకోని మా బడిలో రెండు జడలేసుకున్న ఆడపిల్లల్ని మావోళ్లు ఏడిపించబోయినారు. ఒకామె పలక తీసి ఇసిరింది. దాంతో మా సాహిత్యాభిమానం కొంచెం తగ్గింది.

ఇంక సినిమా. టూరింగు టాకీసు డేరా వేసిందంటే పంట చేతికొచ్చినంత ఆనందం. మిషను ఒకటే గాబట్టి రీలు రీలుకీ ఆపి మార్చాల. ఆపినప్పుడల్లా గోలీ సోడా, బొరుగులు. నేలటిక్కెట్టు కొన్నోడు ఇసక కుప్ప చేసుకోని ఎత్తుగా కూచుంటే ఎనకోడు తన్నేవాడు. 1957లో వొచ్చిన మాయాబజార్ మా కాడికి ఎంత ఆలీసంగా వొచ్చిందో గానీ, వొచ్చినాక మాత్రం మేం వొదల్లా. లడ్డూలు వాటంతటవే లేచి ఎస్వీ రంగారావు నోట్లోకి దూకతా ఉంటే, డేరాలో అందరి నోళ్లూ తెరుచుకోని ఉండాయి. ఇప్పుడు మీరు కార్టూను అంటా ఉండారే, మాకు అదే మొదటి కార్టూను. ఆ కెమెరా పట్టింది మార్కస్ బార్ట్లే అనే ఆంగ్లో ఇండియను. ఆ సినిమానే అరవంలోనూ తీసినారు. మన నాగేశ్వరరావు చేసిన అభిమన్యుడి వేషం ఆడ జెమినీ గణేశన్ ఏసినాడు. రంగారావూ సావిత్రీ రెండిట్లోనూ ఉండారు. లడ్డూకి ఏ భాషయితే ఏంది?

రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సిన కాలం. సిలోను కేంద్రంలో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు ఏసేది. ఆమె గొంతు వొస్తే మా నాయన కూడా చుట్ట ఆర్పేవాడు. ఆ సంగతి ఇంకో రోజు చెప్తా.

అసలు తమాషా టీవీతో. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలయింది. మన ఊరికి డబ్బాలొచ్చింది తరవాత చాలా ఏళ్లకు. సాలిడేరు, డయనోరా, అవీ మద్రాసులో తయారైనవే. ఇనప గొట్టం మీద యాంటెనా, దానికి బూస్టరు. సాయంత్రం కాకులొచ్చి దాని మీద వాల్తే బొమ్మ పోయేది. ఒకడు మిద్దె మీద, ఒకడు వాకిట్లో, ఒకడు టీవీ ముందు.

“వొచ్చిందా?”

“రాలా, తూర్పుకి తిప్పు!”

“ఇప్పుడు?”

“వొచ్చింది వొచ్చింది... పోయింది!”

తెర మీద పేలాలు ఎగిరినట్టు తెల్ల చుక్కలు, వాటెనక ఎవరో పాడతా ఉండేవాళ్లు. హైదరాబాదు దూరదర్శన్ 77లోనే వొచ్చింది, 83 నించి శాంతిస్వరూప్ తెలుగులో వార్తలు చదవతా ఉండేవాడు. ఆ అలలు మన దాకా అందేవి కావు. మాకు అందింది అరవ వార్తలు, శుక్రవారం సాయంత్రం ‘ఒలియుం ఒళియుం’. అరవ సినిమా పాటలు. బండ్లు ఇప్పేసి, గేదెల్ని తొందరగా పితికేసి, వీధంతా ఒకే ఇంట్లో చేరేది. చెప్పులు బయట, పిలకాయలు ముందర, ముసిలోళ్లు మంచం మీద, టీవీ ఇంటామె నిలబడి. పాపం, ఆమెకే చోటుండేది కాదు.

ఒకసారి ఏదో విషాదం పాట వొస్తా ఉండాది. మా వీధి చివర పెద్దామె కొంగు మొగాన పెట్టుకోని ఏడస్తా ఉంది. “అవ్వా, నీకు అరవం వొచ్చా?” అన్నా. “నీకేం కనపడ్లేదా? ఆ పిల్ల మొగం చూడరాదా!” అని నన్నే తిట్టింది.

అప్పటి నించీ నేను భాష గురించి ఎక్కువ మాట్లాడను.

తరవాత మీ నాయన కాలం. జపానోళ్లు 89లో గీసిన జంగిల్ బుక్ హిందీలో వొచ్చింది. మోగ్లీ చెడ్డీ ఏసుకోని ఊగతా ఉంటే, హిందీ పరీచ్చల్లో సున్నాలు తెచ్చుకునే మీ నాయన ఆ పాట తప్పు లేకుండా పాడేవాడు. మేష్టరు ఇన్నాడంటే మార్కులు ఏసేవాడేమో! ఆదివారం పొద్దున్నే పులుసు పొయ్యి మీద ఉడకతా ఉంటే, నేనూ వాడి ఎనకే కూచోని చూసేవాణ్ణి. మీ అవ్వ ఒకటే తిట్లు: “మనవల్ని ఎత్తాల్సిన వయసులో బొమ్మలేంది?” అని. మీరు పుట్టినాక కూడా చూస్తానే ఉండా, ఇప్పుడేమంటదో అడగండి.

ఇప్పుడు మీ ఫోన్లో బొమ్మలు గంటకొకటి మారతా ఉండాయి. సగం నాకు అర్థం కావు, అరుపులెక్కువ. ఆ పిల్లీ ఎలకా మాత్రం బలే. హన్నా, బార్బెరా అని ఇద్దరు అమెరికా వాళ్లు 1940లో పుట్టించినారంట వాటిని. అంటే నాకన్నా పెద్దవి, అయినా ఇంకా పరిగెత్తతానే ఉండాయి. మాటే లేదు గదా, ఆ పెద్దామె ఉండుంటే ఆ పిల్లికీ ఏడిచేది. ఎలకదే తప్పంటాను నేను. పిల్లి తన పాటికి తాను పడుకోని ఉంటే తోక కొరికేది ఎవురు?

ఏందిరా నవ్వతారు? ఆ గేగు ఇటియ్యి, కాలింది. ఆ ఫోనూ ఇటియ్యి. కుక్క వొచ్చి పిల్లిని బాదేది ఉంటది చూడు, అది పెట్టు.