గెలిచిన మరుసటి యేడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల వారమగు మాకు హైదరాబాదు కన్న బెంగళూరే చేరువ. అందుచే 2009 మే 24వ తేదీన జోహాన్నెస్‌బర్గులో డెక్కన్ ఛార్జర్స్ జట్టు బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి ఐ.పి.ఎల్. కప్పు గెలిచినపుడు మా మనస్సులు రెండు వైపులకును లాగినవి. 2008లో అట్టడుగున నిలిచిన జట్టు అది. ఎన్నికల కారణమున ఆ యేటి పోటీలన్నియు దక్షిణాఫ్రికాకు తరలుటచే విజయము పరదేశముననే లభించెను.

మరుసటి యేడైనను విజేతలను స్వస్థలమున చూతమను ఆశ తీరలేదు. తెలంగాణ ఉద్యమము తీవ్రమై యుండుటచే 2010లో మన రాష్ట్రమున ఆటలు జరుగలేదు. నాగపూరు, కటక్, నవీ ముంబయిలనే సొంత మైదానములుగా భావించి గిల్‌క్రిస్ట్ నాయకత్వమున జట్టు ఆడవలసి వచ్చెను. వరుసగా ఐదాటలు ఓడెను; పిమ్మట వరుసగా ఐదు గెలిచి పట్టికలో రెండవ స్థానమున నిలిచెను. ప్రజ్ఞాన్ ఓఝా 21 వికెట్లతో పోటీలలోని బౌలర్లందరిలో ప్రథముడయ్యెను.

అయినను సెమీఫైనలులో చెన్నై చేతిలో 38 పరుగుల తేడాతో ఓడెను. మూడవ స్థానమునకై జరిగిన ఆటలో 82 పరుగులకే కూలి బెంగళూరునకు తలవంచెను. మాకు ఇరుగుపొరుగులైన నగరములే నాటి మా రాజధాని జట్టును నిలువరించినవి. చెన్నై కప్పు గెలిచెను.

2012లో ఛార్జర్స్ జట్టే రద్దయ్యెను. నాటి నాల్గవ స్థానమును పతనమని కొందరందురు. ఇంటి ముంగిట ఒక్క ఆటయైనను ఆడక, తనవారి కేకలు వినక, ఐదు ఓటముల నుండి లేచిన జట్టునకు ఆ మాట తగదని మా తలంపు.