కత్తితో పెళ్లి, కొడుకు హక్కు

పెళ్లంటే ఒక ఆడ, ఒక మగ కలిసి చేసుకునేదేనని, అనాదిగా మన సంప్రదాయం అదేనని 2023లో సుప్రీంకోర్టులో స్వలింగ వివాహాల కేసు నడిచినన్నాళ్లూ వినబడింది. ఆదోని దగ్గరి పెద్దకడుబూరు చుట్టుపక్కల చరిత్ర తెలిసినవాళ్లు ఆ మాట అంత ధీమాగా అనలేరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో బోయల్లోనూ మరికొన్ని కులాల్లోనూ కూతురిని దేవుడికి అంకితమిచ్చి బసివిగా విడిచే ఆచారం ఉండేదని పోలీసు అధికారి ఫ్రెడ్ ఫాసెట్ 1890ల మొదట్లో రాశాడు. ముహూర్తం పెట్టి, పిల్లను కూచోబెట్టి, మొనకు నిమ్మకాయ గుచ్చిన పాత కత్తిని ఆమె కుడిచేతికి ఇచ్చి పక్కనే నిలబెట్టేవారు. మామూలు పెళ్లిలో వరుడు కూచునే చోటు అది. తర్వాత తాళి కట్టేవారు. అప్పటినుంచీ ఆమె తండ్రి ఇంటికి కొడుకు. ఆస్తి ఆమెకు వచ్చేది, తండ్రికి కర్మకాండ ఆమే చేసేది, ఆమె పిల్లలు తాత ఇంటిపేరే పెట్టుకునేవారు.

ఇది చూపించి మన పూర్వీకులు ఎంత విశాలంగా ఉండేవాళ్లో అని మురిసిపోయేవాళ్లూ ఉంటారు. నాకు ఆ సంబరం లేదు. బసివిగా వెళ్లే పిల్లను ఎవరూ అడిగేవారు కాదు, అడిగే వయసూ కాదది. ఆమె ఇక ఎవరినీ పెళ్లాడకూడదు, కోరినవాడితో ఉండొచ్చు. ఆ వెసులుబాటు పేదింటి పిల్ల విషయంలో ఊళ్లోని డబ్బున్నవాడి వెసులుబాటుగా మారడానికి ఎంతోకాలం పట్టదు. ఆచారం వెనక భక్తి ఉండొచ్చు గానీ, దాన్ని నిలబెట్టింది ఆస్తి. కొడుకు లేకపోతే పొలం దాయాదుల పాలవుతుంది. దేవుడిని అల్లుడిగా చేసుకుంటే పొలం ఇల్లు దాటదు, పైగా అల్లుడు వాటా అడగడు.

మతానికి స్వేచ్ఛ ఉంది కదా, దేవుడి ముందు జరిగిన క్రతువులో చట్టం ఎలా వేలు పెడుతుందన్న అభ్యంతరం బసివి విషయంలో చెల్లలేదు. మద్రాసు ప్రభుత్వం 1947లో దేవదాసీల అంకితాన్ని నిషేధించింది. అలా అంకితమైన స్త్రీ చేసుకునే పెళ్లి చెల్లుతుందని కూడా ఆ చట్టంలో రాసింది. అంకితం అసలు పెళ్లే కాదు, ఉత్త మొక్కుబడి అనేవాళ్లు ఈ సెక్షన్ చూడాలి. జనం దాన్ని పెళ్లిగా లెక్కపెట్టకపోయుంటే ఆ మాట చట్టంలో రాయాల్సిన పనేముంది? తర్వాత 1988లో ఆంధ్రప్రదేశ్ కొత్తగా నిషేధ చట్టం చేసింది. రాజ్యాంగంలోని 25వ అధికరణ మతస్వేచ్ఛ ఇస్తూనే, దాన్ని శాంతిభద్రతలకు, నైతికతకు, ప్రజారోగ్యానికి, మిగతా ప్రాథమిక హక్కులకు లోబరిచింది. ఆచారాన్ని లోపలినుంచి ఖాళీ చేసింది మాత్రం ఇంకో చట్టమని నా అంచనా. 1985లో ఆంధ్రప్రదేశ్ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది, 2005లో దేశమంతటా వచ్చింది. కూతురు కూతురిగానే వారసురాలైతే ఆమెను కొడుకుగా మార్చే తతంగం దేనికి?

ఈ లెక్కన స్వలింగ వివాహాన్ని గుర్తిస్తే రేపు పూజారిని, పాస్టరును బలవంతంగా పిలిపిస్తారని భయపడేవాళ్లకు జవాబు కష్టం కాదు. కోర్టులో వాదన ముఖ్యంగా 1954 ప్రత్యేక వివాహ చట్టం చుట్టూ తిరిగింది. అది రిజిస్ట్రారు ముందు, సాక్షుల సంతకాలతో జరిగే పెళ్లి. అందులో గుడి లేదు, తాళి అక్కర్లేదు. గుళ్లో జరిగే క్రతువునే ఆపిన 1947 చట్టంతో పోలిస్తే ఇది మతం గడప కూడా తొక్కదు. పైగా ఇక్కడ కోరేది ఇద్దరు పెద్దవాళ్లు, తమంతట తామే. బసివికి లేనిది సరిగ్గా అదే. ఆ కేసుకు పేరిచ్చిన పిటిషనర్ సుప్రియోది, అతని భాగస్వామి అభయ్‌ది హైదరాబాదే. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తులూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. పౌర బంధంగానైనా గుర్తించాలన్న అభిప్రాయం ఇద్దరిదే అయింది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ వీగిపోయాయి. కాబట్టి ఇవాళ కూడా అలాంటి జంటలో ఒకరు వీలునామా రాయకుండా చనిపోతే, ఎన్నేళ్లు కలిసి బతికినా రెండోవారికి భర్తగానో భార్యగానో వారసత్వం రాదు. ఆస్తి రక్తసంబంధీకులకే పోతుంది.