ఎగువ గేటు ఎవరి చేతిలో ఉంది?

ప్రాజెక్టులో వేరేవాళ్ల లైబ్రరీలు వాడాలా, మొత్తం కోడ్ మనమే ఒక్కచోట రాసుకోవాలా? జవాబు మన కామారెడ్డి జిల్లా చరిత్రలో ఉంది.

ఒకప్పుడు ఇక్కడ ఊరికో చెరువు. చిన్నదే, కానీ తూము ఊరోళ్ల చేతిలోనే ఉండేది. తర్వాత ఎల్లారెడ్డి దగ్గర్లో మంజీరా మీద నిజాంసాగర్ వచ్చింది. 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. బోధన్, నిజామాబాద్ దాకా లక్షల ఎకరాలకు ఒకటే డ్యామ్. మన భాషలో మోనోలిత్ అన్నమాట.

మరి దానికి డిపెండెన్సీ లేదా? ఉంది, మంజీరానే! 1980ల్లో హైదరాబాద్ తాగునీటి కోసం ఎగువన సింగూరు కట్టారు. అప్పట్నుంచి వానలు తక్కువైన ఏడాది నిజాంసాగర్ రైతు సింగూరు గేట్ల వైపు చూడాల్సిందే.

2016లో జావాస్క్రిప్ట్‌లోనూ ఇదే జరిగింది. లెఫ్ట్‌ప్యాడ్ అని 11 లైన్ల కోడ్. రాసినాయన దాన్ని తీసేయగానే ప్రపంచమంతా బిల్డ్‌లు ఆగిపోయాయి.

అంటే ఎంత పెద్దది కట్టినా ఎగువ అనేది ఒకటి ఉంటుంది. అందుకే 11 లైన్ల పనైతే మీరే రాసుకోండి. పెద్ద లైబ్రరీ అయితే తెచ్చుకోండి, కానీ వెర్షన్ లాక్ చేసి ఒక కాపీ మీ దగ్గర దాచుకోండి. అదే మీ ఊరి చెరువు!