పుత్ర పౌత్ర పారంపర్యంగా

సామాన్లు సర్దడం మొదలుపెట్టిన మూడో రోజున అటక మీద నుంచి రేకు పెట్టె దించాం. అందులో ఇత్తడి గిన్నెల కింద, పాత పంచె ముక్కలో చుట్టి, మా ఇంటి అసలు దస్తావేజు ఉంది. 1958లో మా ఆయన తాతగారు కె. కోటపాడులో ఈ స్థలం కొన్నప్పటిది. తన కష్టార్జితంతో కొని, పెంకుటిల్లు కట్టుకున్నారు. మా పెద్దపాపకి ఏడేళ్ళు. కొత్తగా చదవడం వచ్చింది కదా, ఏ కాగితం దొరికినా పైకి చదివేస్తుంది. తూర్పు రస్తా, పడమర నుయ్యి, ఉత్తరం ఎవరిదో గోడ అంటూ హద్దులన్నీ చదివి, చివర్లో ఒక మాట దగ్గర ఆగింది. "పుత్ర పౌత్ర పారంపర్యంగా అంటే ఏంటమ్మా?"

"కొడుకులు, మనవలు, వాళ్ళ తర్వాత వాళ్ళు" అన్నాను.

"మరి ఆడపిల్లలో?"

నేను గిన్నెలు తుడుచుకుంటూ ఊరుకున్నాను. అప్పటికే ఇంట్లో ఆ విషయం మీద నెల రోజులుగా గొడవ నడుస్తోంది.

ఇల్లు ఎందుకు అమ్ముతున్నామో చెప్తాను. మా ఆయన అచ్యుతాపురం వైపు కంపెనీలో పని చేస్తారు. రోజూ కోటపాడు నుంచి అనకాపల్లి వెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ ఇంకో బస్సు. రాత్రి ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. చిన్నాడికి నాలుగేళ్ళొచ్చినా నాన్నని ఆదివారం మనిషిలాగే చూస్తాడు. ఇల్లు చూస్తే వానాకాలం వసారాలో నాలుగు చోట్ల బకెట్లు పెట్టాలి. పెంకు నేసేవాళ్ళు దొరకడం లేదు, దూలానికి చెద పట్టింది. మామయ్యగారు పోయాక అత్తయ్యగారు కూడా ఇక వద్దనలేదు. అమ్మేసి, ఆ డబ్బుతో అనకాపల్లిలో ఫ్లాటు తీసుకుందామనుకున్నాం. బేరం కుదిరింది, బయానా కూడా తీసుకున్నాం.

కొనేవాళ్ళ లాయరు కాగితాలు చూసి ఒక్క ప్రశ్న వేశాడు. "తాతగారికి కూతురు ఉన్నారా?"

ఉన్నారు. మా ఆయనకి మేనత్త, నేను పెద్దమ్మా అని పిలుస్తాను. డెబ్బై ఆరేళ్ళు. అనకాపల్లిలో ఉంటారు. ఆవిడ సంతకం లేకపోతే రిజిస్ట్రేషన్ వద్దన్నాడు లాయరు. మా వాళ్ళెవరూ కంగారు పడలేదు. ఆవిడకి పెళ్ళప్పుడే పసుపు కుంకుమల కింద అరెకరం ఇచ్చారు కదా, మంచి పట్టుచీర పెట్టి అడుగుదాం అనుకున్నారు. చీర నేనే ఎంచాను, ఆకుపచ్చకి మామిడిపండు రంగు అంచు.

పెద్దమ్మ చీర పక్కన పెట్టి, కాఫీ ఇచ్చి, నెమ్మదిగా అన్నారు. "నా సంతకం కావాలంటే నా వాటా ఇచ్చీండి బాబూ. చీరలు నాకున్నాయి."

వాటా అంటే ఎంతో తెలుసా? సగం. తాతగారు వీలునామా రాయలేదు. భార్య పోయాక మిగిలింది ఒక కొడుకు, ఒక కూతురు. చెరి సగం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపం వచ్చింది, దాచుకోవడమెందుకు? ఇరవై ఏళ్ళ వయసు నుంచి ఈ ఇల్లు అలికింది మా అత్తయ్యగారు, తర్వాత ముగ్గులేసింది నేను. ఏనాడూ ఒక పెంకు మార్పించని మనిషికి సగమా? ఫోనులో చట్టం వెతకడం మొదలుపెట్టింది కూడా ఆవిడ మాట తప్పని రుజువు చేద్దామనే.

వెతికితే దొరికింది వేరు. ఆవిడ హక్కు మొన్న మొన్నటిది కాదు. 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే, కొడుక్కెంతో కూతురికీ అంతే. అంటే మా దస్తావేజులో 'పుత్ర పౌత్ర' అని రాసేనాటికే చట్టం కూతురిని లెక్కలోకి తెచ్చి రెండేళ్ళయింది. దస్తావేజు రాసేవాళ్ళ చెయ్యి మాత్రం పాత అలవాటు మానలేదు. ఈ చట్టం కూడా ఊరికే రాలేదు. హిందూ కోడ్ బిల్లు ఆగిపోయిందని 1951లో అంబేద్కర్ మంత్రి పదవే వదులుకున్నారు. పార్లమెంటులో ఆ బిల్లు పక్షాన నిలబడిన వాళ్ళలో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మ ఒకరు.

కానీ ఆ చట్టంలోనే 23వ సెక్షన్ అని ఒకటి పెట్టారు. వాటా ఉంటుంది గానీ, మగవారసులు కాపురముంటున్న ఇంటిని పంచమని కూతురు అడగకూడదు. వాళ్ళకై వాళ్ళు పంచుకుందాం అనుకున్నప్పుడే ఆవిడ వాటా ఆవిడకి. అన్నంలో ఉప్పున్నట్టు ఉంటుంది, తీసి చూపించలేం. 2005 సెప్టెంబరు 9 నుంచి ఆ సెక్షన్ తీసేశారు. దాదాపు యాభై ఏళ్ళు!

అదే సెక్షన్‌లో ఇంకో వాక్యం ఉంది. పెళ్ళికాని కూతురికి, భర్త వదిలేసిన కూతురికి, విధవ కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంటుందని. అది చదివాక నాకు పెద్దమ్మ సంగతి గుర్తుకొచ్చింది. అందరూ గుసగుసగా చెప్పుకునేదే. 1973లో భర్త పోతే ఐదేళ్ళ పిల్లాడిని, రెండేళ్ళ పిల్లని తీసుకుని ఈ ఇంటికే వచ్చారు. పెరటివైపు గదిలో ఐదేళ్ళున్నారు. ఆ గదిని ఇప్పటికీ మేం పురిటిగది అంటాం, మా ఇద్దరు పిల్లలనీ నేను ఎత్తుకొచ్చింది అందులోకే. 1976లో తాతగారు పోయారు. ఆ తర్వాత రెండేళ్ళకి ఒక పొద్దున్న ఆవిడ పిల్లలిద్దరినీ తీసుకుని బస్సెక్కేశారు. అనకాపల్లిలో ఒక హాస్టల్లో వంట చేసి వాళ్ళని చదివించారు. ఎవరూ గెంటలేదట. "ఎన్నాళ్ళుంటావు వదినా" అని మాత్రం అన్నారట. అన్నది ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. అప్పటికి ఆవిడ కొత్త కోడలు, ఇరవై ఏళ్ళు నిండినట్టున్నాయి. నేనైతే అనేదాన్ని కాదని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ రోజుల్లోనే నెల్లూరు నుంచి ఒకావిడ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. లాయర్లందరికీ తెలిసిన పేరు, మనకే తెలీదు. వడ్డెబోయిన తులశమ్మ. 1931లో భర్త పోయాడు. ఆస్తి భర్త సవతి సోదరుడి చేతిలో ఉంది. పోషణ కోసం 1944లో దావా వేసింది. 1949లో రాజీ చేసి, బతికున్నంతకాలం అనుభవించమని కొంత ఆస్తి ఇచ్చారు. అమ్మే హక్కు లేదు, తర్వాత మళ్ళీ వాళ్ళకే. 1960లో కొంత కౌలుకిచ్చింది, మరుసటేడు కొంత అమ్మింది. ఆయన కోర్టుకెళ్ళాడు, నీకు అమ్మే హక్కెక్కడిదని. అది 1977 మార్చి 17న తేలింది. భర్త ఆస్తి నుంచి పోషణ పొందే హక్కు ముందునుంచీ ఆవిడకి ఉంది కాబట్టి, దానికి బదులుగా ఇచ్చిన ఆస్తికి 1956 చట్టంతో ఆవిడే పూర్తి హక్కుదారు అన్నారు. అమ్మడం ఆవిడ ఇష్టం. భర్త పోయిన నలభై ఆరేళ్ళకి!

ఇక మనం గొప్పగా చెప్పుకునే ఎన్టీఆర్ చట్టం. 1986లో చేశారు, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేశారు. పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా హక్కు. కట్నం దురాచారాన్ని పోగొట్టడం కోసమని చట్టం ముందుమాటలోనే రాసుకున్నారు. కట్నం పోయిందో లేదో మీకు నేను చెప్పక్కర్లేదు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో, దేశమంతా 2005లో ఆ దారికి వచ్చాయి. కానీ అందులోనూ ఒక గీత గీశారు, ఆ తేదీకి ముందే పెళ్ళయిన వాళ్ళకి లేదని. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకి లేదు, చెల్లికి ఉంది. మా ఇల్లు స్వార్జితం కాబట్టి పెద్దమ్మకి ఆ చిక్కు రాలేదు.

ఇంత చదివాక నా సంతకం ఒకటి గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట మా పుట్టింట్లో అన్నయ్యలు కాగితం పెడితే పెట్టేశాను. హక్కు విడుదల దస్తావేజు. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడ పెట్టమంటే అక్కడ. చదవలేదు. నాకూ చీరే పెట్టారు. అది ఇప్పటికి రెండుసార్లు కట్టానేమో.

మా ఆయనతో ఒకే మాట అన్నాను. "ఇచ్చేద్దామండీ." ఆయన చాలాసేపు పెంకుల వైపు చూస్తూ కూర్చున్నారు. "ఫ్లాటు ఉండదు మరి" అన్నారు. అత్తయ్యగారు పూజగదిలోంచి విన్నారు, ఏమీ అనలేదు.

రిజిస్ట్రేషన్ రోజున పెద్దమ్మ కొడుకుతో కలిసి వచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని దస్తావేజు మొదటి నుంచి చివరిదాకా చదివారు. వెనకాల జనం విసుక్కుంటున్నా ఆగలేదు. చెక్కు చూసుకుని, మడిచి, పర్సులో పెట్టుకుని, అప్పుడు సంతకం చేశారు. మేం అనకాపల్లిలో రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నాం. ఫ్లాటు పోయిందన్న బాధ లేదంటే అబద్ధం. మొన్న కూడా ఆ బిల్డింగు ముందు నుంచి వెళ్తూ తల తిప్పుకున్నాను.

ఇల్లు ఖాళీ చేసే ముందు పెద్దమ్మ ఫోను చేసి ఒకటి అడిగారు. పెరట్లో ఉన్న రుబ్బురోలు వాళ్ళమ్మదట, మీకు అక్కర్లేకపోతే ఇవ్వమన్నారు. మిక్సీ వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, దాని చుట్టూ తులసి మొక్కలు మొలిచాయి. లారీ వచ్చేసరికి చూస్తే అత్తయ్యగారు నూతి దగ్గర కూర్చుని, కొబ్బరి పీచుతో ఆ రోలు తోముతున్నారు. నేను చేస్తానన్నా వినలేదు.

పిల్లలిద్దరూ లారీ ముందు సీటు కోసం కొట్టుకున్నారు. చిన్నాడు గెలిచాడు. కోటపాడు దాటేవరకూ చెయ్యి బయట పెట్టి అందరికీ ఊపుతూనే ఉన్నాడు. అనకాపల్లిలో డ్రైవరుతో చెప్పి ముందు పెద్దమ్మ ఇంటి దగ్గరే ఆపించాం. రోలు దించడానికి నలుగురు మగవాళ్ళు కావలసి వచ్చింది. ఆవిడ వీధి గుమ్మంలో నిలబడి, "మెల్లిగా, మెల్లిగా" అంటూ, మా పాపని పక్కకి లాక్కున్నారు, కాలి మీద పడుతుందని.