చార్టిస్టు ఉద్యమం: ప్రాంతం, వృత్తి, ప్రార్థనా మందిరం

1832లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన సంస్కరణ చట్టం మధ్యతరగతికి ఓటునిచ్చి, కార్మికుణ్ణి గుమ్మం బయటే నిలబెట్టింది. 1834 నాటి పేదల చట్టం ఆకలిగొన్నవాడికి వర్క్‌హౌస్ దారి చూపింది. ఈ రెండు దెబ్బల మధ్య చార్టిస్టు ఉద్యమం పుట్టింది. 1838 మే నెలలో లండనులో వెలువడిన పీపుల్స్ చార్టర్ కోరినవి ఆరు: వయోజన పురుషులందరికీ ఓటు, రహస్య బ్యాలెట్, సమాన నియోజకవర్గాలు, ఏటేటా పార్లమెంటు ఎన్నిక, సభ్యులకు జీతం, అభ్యర్థులకు ఆస్తి అర్హత రద్దు. 1839లో సుమారు 12 లక్షల 80 వేల సంతకాలతో వచ్చిన విన్నపాన్ని కామన్స్ సభ 235–46 ఓట్లతో తోసిపుచ్చింది. 1842లో 33 లక్షలకు పైగా సంతకాలు వచ్చినా ఫలితం మారలేదు.

ఈ సంతకాలు దేశమంతటా సమానంగా వచ్చినవి కావు. ఆసా బ్రిగ్స్ సంపాదకత్వంలో 1959లో వెలువడిన 'చార్టిస్ట్ స్టడీస్' నాటినుండి చరిత్రకారులు ఊరూరా ఈ తేడాలను పరిశీలిస్తూ వచ్చారు. ఆకలి ఎక్కువైన చోట ఉద్యమం బలపడిందన్నది తేలికగా తోచే జవాబు. అయితే దక్షిణాన డార్సెట్ వంటి వ్యవసాయ ప్రాంతాల కూలీల కంటే పేదవారు ఇంగ్లాండులో అరుదు. అక్కడ చార్టిజం దాదాపు వేళ్లూనలేదు. కారణం వెదకడానికి దూరం వెళ్లనక్కరలేదు. కూలి తగ్గింపును ఎదిరించి సంఘం కట్టినందుకు 1834లో టోల్‌పడిల్ గ్రామస్తులు ఆరుగురిని ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపారు. వారి నాయకుడు జార్జ్ లవ్‌లెస్ మెథడిస్టు స్థానిక బోధకుడు. ఉంటున్న ఇల్లు, చేసే పని, కష్టకాలంలో అందే సహాయం అన్నీ భూస్వామి, రైతు, పారిష్ గురువు చేతుల్లో ఉన్నప్పుడు కూలివాడు చెయ్యెత్తడం ఎంత కష్టమో మన పల్లెలు ఎరిగిన పాఠకులకు వివరించనక్కరలేదు.

ఉత్తరాన లాంకషైర్‌లోను, యార్క్‌షైర్ వెస్ట్ రైడింగ్‌లోను పరిస్థితి వేరు. అక్కడి చేమగ్గం నేతకారులు ఒకప్పుడు గౌరవంగా బ్రతికినవారు. మరమగ్గం వారి కూలిని ఏడాదికేడాది కోసివేసింది. నాటింగ్‌హామ్, లెస్టర్‌లలో మేజోళ్లు అల్లేవారిదీ దాదాపు అదే గతి. పోగొట్టుకున్న స్థితి ఇంకా జ్ఞాపకం ఉన్నవారు వీరు. పైగా యజమాని కన్ను పడని సొంత ఇంట పనిచేసేవారు, చదవడం వచ్చినవారు వీరిలో చాలామంది. ఫెర్గస్ ఓకానర్ 1837లో లీడ్స్‌లో ప్రారంభించిన 'నార్తర్న్ స్టార్' పత్రికను ఒకరు చదువుతుంటే పదిమంది వినేవారు. నా అభిప్రాయంలో పేదరికం కన్నా ఈ స్వతంత్రత, ఈ అక్షరజ్ఞానమే ఎక్కువ పనిచేశాయి. దక్షిణ వేల్స్‌లో బొగ్గు, ఇనుము కార్మికుల కోపం మరింత తీవ్రం. 1839 నవంబరు 4న న్యూపోర్ట్‌లో సైనికుల కాల్పులకు కనీసం 22 మంది బలయ్యారు.

వర్గభేదం స్పష్టంగా బయటపడింది బర్మింగ్‌హామ్‌లో. చిన్న కార్ఖానాలలో యజమాని, పనివాడు పక్కపక్కనే పనిచేసే ఆ నగరంలో థామస్ ఆట్‌వుడ్ వంటి బ్యాంకరు మొదట ముందు నడిచాడు. ఆయుధాల మాట వినబడగానే, 1839లో, మధ్యతరగతి నాయకులు వెనక్కి తగ్గారు.

క్రైస్తవ సంఘం ఎక్కడ నిలిచింది? 1839 వేసవిలో చార్టిస్టులు ఆదివారం పారిష్ ఆలయాలకు గుంపులుగా వెళ్లి కూర్చున్నారు. బ్లాక్‌బర్న్‌లో యాకోబు పత్రిక ఐదవ అధ్యాయం మీద బోధించమని గురువును ముందుగానే కోరారు. ధనవంతులను హెచ్చరించే ఆ వాక్యభాగాన్ని ఎన్నుకున్నవారికి లేఖనాలు తెలియవని ఎవరనగలరు? వెస్లియన్ కాన్ఫరెన్సు పెద్దలు ఉద్యమానికి దూరంగా ఉన్నారు. కాని మెథడిజం నేర్పిన పద్ధతులు మాత్రం కార్మికుల చేతికి వచ్చాయి. 1840లో ఏర్పడిన నేషనల్ చార్టర్ అసోసియేషన్ తన సభ్యులను పదేసిమంది చొప్పున 'క్లాసు'లుగా కూర్చి, ఒక్కో క్లాసుకు ఒక నాయకుణ్ణి పెట్టింది. ఇది వెస్లీ సొసైటీల అచ్చు.

అదే మెథడిజం బలంగా ఉన్న కార్న్‌వాల్‌లో మాత్రం చార్టిజం నిలవలేదు. చార్టర్ రచయితలలో ముఖ్యుడైన విలియం లవెట్ పుట్టింది అక్కడి న్యూలిన్‌లోనే! తవ్విన ఖనిజం విలువలో వాటా కోసం బేరమాడుకునే గని పనివాడు తననుతాను కూలివాడిగా భావించుకోలేదన్నది ఒక కారణం. కనుక మెథడిజం కార్మికుణ్ణి నిద్రపుచ్చిందనో, మేల్కొలిపిందనో ఒక్కమాటలో తేల్చడం చరిత్రకు అన్యాయం.

స్కాట్లాండులో చార్టిస్టులు సొంత సంఘాలే స్థాపించుకుని బోధ, బాప్తిస్మము జరుపుకున్నారు. ఈ తరహా సంఘాలు ఉద్యమాన్ని చీలుస్తాయని ఓకానర్ 1841లో ఖండించాడు. స్కాట్లాండు నుండి వచ్చిన ఆర్థర్ ఓనీల్ బర్మింగ్‌హామ్‌లో క్రిస్టియన్ చార్టిస్టు సంఘాన్ని నడిపాడు. 1842 సమ్మెకాలంలో గని కార్మికుల మధ్య ప్రసంగించినందుకు జైలు అనుభవించాడు. విడుదలయ్యాక అదే నగరంలో బాప్టిస్టు సంఘకాపరిగా చాలా ఏళ్లు పనిచేశాడు.