హార్డ్ డిస్కు గడువు దాటడం: తప్పు డిస్కుదా, డ్రైవరుదా?

కంప్యూటరు ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. మౌసు బాణం కదులుతుంది గాని ఏ ఫైలూ తెరుచుకోదు. డిస్కు దీపం ఆరకుండా వెలుగుతుంది. కొంతసేపటికి ఏమీ జరగనట్టే అంతా మళ్ళీ నడుస్తుంది. ఇది రెండు మూడు సార్లు జరిగితే డిస్కు పోయిందని తీర్పు చెప్పి, కొత్తది కొనడం పరిపాటి. కొత్త డిస్కులోనూ అదే జబ్బు కనిపించినప్పుడు గాని డ్రైవరు మీద అనుమానం కలగదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కూ డిస్కు కంట్రోలరుకూ నడుమ దుబాసీ వంటిది స్టోరేజీ డ్రైవరు. ఆజ్ఞ పంపిన తరువాత జవాబు కోసం కొంత గడువు ఉంటుంది. లైనక్స్‌లో సాధారణంగా ఇది 30 సెకన్లు. గడువు దాటితే పరికరాన్ని రీసెట్ చేసి, ఆజ్ఞను మళ్ళీ పంపడం జరుగుతుంది. ఆ విరామమే బిగుసుకుపోవడంగా కనిపిస్తుంది.

విండోస్‌లో ఈ రీసెట్ ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ చిట్టాలో 129 సంఖ్యతో నమోదవుతుంది. పక్కన ఉన్న మూలం పేరు ముఖ్యం. స్టోర్‌ఏహెచ్‌సీఐ అని ఉంటే అది మైక్రోసాఫ్ట్ సొంత డ్రైవరు. ఐఏస్టోర్ అని మొదలైతే ఇంటెల్ సంస్థది. అయితే 129 ఒక్కటే దోషిని పట్టివ్వదు. దానితోపాటు చెడిన భాగాన్ని తెలిపే 7వ సంఖ్య కూడా కనిపిస్తే డిస్కునే అనుమానించాలి. స్మార్ట్ పట్టికలో 5, 197 అంశాల ముడి విలువలు పెరుగుతుంటే డిస్కు అరుగుతున్నదని, 199 పెరుగుతుంటే కేబులు సరిగా లేదని గ్రహించాలి. ఈ గుర్తులేవీ లేక 129 మాత్రమే పదేపదే వస్తుంటే డ్రైవరు వైపు చూడాలి.

ఏ మరమ్మతుకైనా ముందు పట్టా కాగితాల నకళ్ళు, పెళ్ళి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు వేరొక డిస్కులోకి ఎక్కించుకోవాలి. ఊహ తప్పి డిస్కే చెడిపోతున్నదైతే రెండవ అవకాశం దొరకదు.

విండోస్ 10 కాలంలో మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ఉదాహరణ ఒకటి ఉంది. కొన్ని ఏహెచ్‌సీఐ పరికరాల ఫర్మ్‌వేర్ లోపం వల్ల, మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్ పద్ధతిలో స్టోర్‌ఏహెచ్‌సీఐ డ్రైవరుకు జవాబు సరిగా అందేది కాదు. టాస్క్ మేనేజరులో డిస్కు వాడకం 100 శాతం చూపుతూ యంత్రం నిలిచిపోయేది. రిజిస్ట్రీలో ఆ కంట్రోలరు కింద ఎంఎస్‌ఐ సపోర్టెడ్ విలువను 1 నుండి 0కు మార్చి, యంత్రాన్ని తిరిగి ప్రారంభించడమే చెప్పిన ఉపాయం. రిజిస్ట్రీ తెలియనివారు దీనికి చేయి పెట్టకపోవడం మేలు.

తేలికైన పరీక్షలు వేరే ఉన్నాయి. జబ్బు డ్రైవరు నవీకరణ తరువాతే మొదలైతే డివైస్ మేనేజరులో రోల్ బ్యాక్ నొక్కి పాతదానికి మరలవచ్చు. పవర్ ఆప్షన్లలో హై పెర్ఫార్మెన్స్ ఎంచుకుంటే ఆగిపోవడం తగ్గినట్లయితే, లింకును నిద్రపుచ్చే విద్యుత్ పొదుపు ఏర్పాటే కారణం కావచ్చు. బయోస్‌లో రెయిడ్ పద్ధతి ఉన్న యంత్రంలో దానిని తొందరపడి ఏహెచ్‌సీఐకి మార్చరాదు. విండోస్ అసలు మొదలు కాకపోవచ్చు. గడువు సెకన్లను పెంచమనే సలహా కూడా వినిపిస్తుంది. దానివల్ల చిట్టాలో నమోదులు తగ్గుతాయి గాని నిరీక్షణ తగ్గదు.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, తేదీ రాసుకొని, వారం రోజులు చిట్టా చూడాలి. ఆ తేదీ తరువాత 129 కొత్తగా నమోదు కాకపోతే డిస్కు కొనవలసిన పని లేదు.